విప్పడానికి వీలైన ముడి

మొన్న కాకినాడ బస్టాండులో ఒక కండక్టరు నాకు ఎడం చెయ్యి చాచింది.

అంతకు ముందే ఆవిడకీ నాకూ గొడవైంది. పుస్తకాల సంచి పక్క సీటు మీద పెట్టానని ఆవిడ, బస్సు ఖాళీగానే ఉంది కదా అని నేను. ఈలోగా సంచి పిడి తెగి పుస్తకాలన్నీ కింద దొర్లాయి. సంచి అడుగున ఉన్న పురికొసతో వాటిని కట్టుకుంటూ, చిన్నప్పుడు నేర్చుకున్న ముడి పాఠం "కుడి మీద ఎడమ, ఎడమ మీద కుడి" అని మనసులో అనుకున్నాననుకున్నాను. పైకే అనేశానని ఆవిడ మొహం చూస్తే తెలిసింది.

"మీరు గైడా అండీ?"

"ఎప్పుడో, స్కూల్లో" అన్నాను. నా కోపం ఇంకా దిగలేదు.

ఆవిడ టికెట్ల మిషను చంకలో ఇరికించుకుని ఎడం చెయ్యి చాచింది. నా చెయ్యి నన్నడక్కుండానే ముందుకెళ్లింది. ముందు సీటాయన వెనక్కి తిరిగి మమ్మల్నిద్దర్నీ ఎగాదిగా చూశాడు. ఎడం చేత్తో అరటిపండు ఇస్తేనే మొహం తిప్పుకునే చోట, ఇద్దరు నడివయసు ఆడవాళ్లు ఎడం చేతులు కలుపుకుని నవ్వుకుంటుంటే ఆయన మాత్రం ఏమనుకోవాలి?

ఏ స్కూలని అడిగింది. పాలకొల్లు దాటాక కాలువ గట్టున ఉండే మా ఊరి మిషన్ బడి పేరు చెప్పాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"అయితే మీరూ కెప్టెన్ గారి పిల్లేనన్నమాట. నేను మీ తరవాతెప్పుడో చదివానండి అక్కడ. తెలీదా మీకు? ఆవిడ పోయారండి. గుడికి తయారై, చెప్పులేసుకుంటూ అరుగు మీదే ఒరిగిపోయారంట. శుక్రవారం గుడిలో ప్రార్థన, ఆదరణ కూడిక." మిషను చంకలోంచి తీసుకుంటూ, "ఇంక ఆ కంపెనీ ఉంటుందంటారా అండీ?" అంది.

మగపిల్లలకి స్కౌట్స్, ఆడపిల్లలకి గైడ్స్. ఒక బడిలోని గైడ్స్ దళాన్ని కంపెనీ అంటారు, దాన్ని నడిపే టీచర్ని కెప్టెన్ అంటారు. ఆ కంపెనీ తప్ప మా కెప్టెన్ గారికి వేరే సంగతి లేదు. అందుకే ఊళ్లో ఆవిడ అసలు పేరు ఎవరూ పలికేవారు కాదు. నేనూ రాయను.

*

ఆవిడ మెడలో ఎప్పుడూ ఒక ఈల ఉండేది. గుడిలో కూడా. పాస్టరు గారి ప్రసంగం సాగుతుంటే జాకెట్టు లోంచి దాని తాడు బయటికి కనిపించేది. మేం పిల్లలం ఊపిరి బిగబట్టి, ఇవాళైనా ఊదుతారేమోనని ఆశగా చూసేవాళ్లం. ఊదలేదు. అది నాకు ఇప్పటికీ తీరని కోరికే.

చేతిసంచిలో మూరెడు తాడు ముక్క. బస్సు రాకపోయినా, మీటింగు మొదలవకపోయినా దాన్ని తీసి కట్టడం, విప్పడం, మళ్లీ కట్టడం. పైగా ఊరి వాళ్ల ముడుల మీద కూడా ఆవిడకి అధికారం ఉన్నట్టే ప్రవర్తించేవారు. ఒకసారి క్యాంపుకి వెళ్తుంటే రావులపాలెంలో బస్సాగింది. పక్కన ఒకాయన సైకిలుకి అరటిగెలలు కట్టి నిలబడ్డాడు. ఆవిడ కిటికీలోంచి చూసి దిగిపోయారు. మేం సిగ్గుతో సీట్ల కిందికి కుంగిపోయాం.

"ఏవయ్యా, ఈ ముడి ఎలా విప్పుతావు?"

"విప్పేదేంటండీ, కత్తెట్టి కోసెయ్యడమే."

"రోజూనా?"

"రోజూనండి."

"రోజూ కోసుకుంటూ పోతే చివరికి ఏం మిగుల్తుందయ్యా నీకు? గట్టిగా ఎవడైనా కడతాడు. విప్పడానికి వీలుగా కట్టాలి."

డ్రైవరు హారను కొడుతూనే ఉన్నాడు. ఆవిడ ఆ ముడి మొత్తం ఊడదీసి, మళ్లీ కట్టి, ఆయన చేత కట్టించి, అప్పుడెక్కారు. అంతసేపూ ఆయన బీడీ కాల్చుకుంటూ నవ్వుతున్నాడు. మర్నాటి నుంచీ మళ్లీ కత్తితోనే కోసి ఉంటాడని నా నమ్మకం. ఆ మాట ఆవిడతో అన్నాను కూడా. "కోసుకోనీ, కోసేటప్పుడు గుర్తొస్తాను కదా" అన్నారు.

ఆవిడతో వాదన పెట్టుకోవడం గోడకేసి బంతి కొట్టినట్టు ఉండదు, కనీసం గోడైతే బంతి తిరిగొస్తుంది. మీరు ఎంత గొప్పగా మొత్తుకున్నా చివర్న ఒకటే మాట: "సరేనమ్మా. ఇప్పుడేం చేద్దాం?" గుడారం కూలినా అదే. పరీక్ష తప్పి ఏడుస్తున్న పిల్లతోనూ అదే. నాకు ఒళ్లు మండేది. ముందు తప్పెవరిదో తేలాలి కదా అనేదాన్ని. "తేల్చమ్మా, నువ్వు తేలుస్తుండు, మేం ఈలోపు గుడారం లేపుతాం" అనేవారు.

కట్లు కట్టడం నేర్పేటప్పుడు రోగి వేషం ఎప్పుడూ నాకే. అందులోనూ దవడ కట్టే. గడ్డం కింద నుంచి నడినెత్తి దాకా గుడ్డ బిగించి, "పాపం, దీని దవడకే విశ్రాంతి లేదర్రా" అనేవారు. మాట్లాడబోతే "ఊఁ, ఎముక కదులుతుంది" అని ఇంకో చుట్టు వేసేది సత్యవతి. సత్యవతి నా పెట్రోల్ లీడరు. అంటే మా ఏడెనిమిది మంది జట్టుకి నాయకురాలు. కాలువకి అవతల పల్లిపాలెం పిల్ల, వాళ్లమ్మ చేపలమ్మేది. నేను ఇవతల పేటలో లూథరన్ గుడి పక్క పిల్లని, మా నాన్న మిషన్ ఆసుపత్రిలో గుమాస్తా. ఆ కంపెనీ లేకపోతే మేమిద్దరం ఒక తాడుకి రెండు కొసలు పట్టుకునే అవసరం ఈ జన్మలో వచ్చేది కాదు.

చేరిన రోజే ఎడం చెయ్యి తగువొచ్చింది. గైడ్లు ఒకరినొకరు ఎడం చేత్తో పలకరించుకుంటారని ఆవిడ చెప్పగానే నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. మా నానమ్మ ఆ చేతి మీద ఎన్ని దెబ్బలు వేస్తే నాకు కుడి చెయ్యి అలవాటైందో నాకే తెలుసు.

ఆవిడ కథ చెప్పారు. పూర్వం ఎక్కడో యుద్ధవీరులు కుడి చేత్తో ఈటె, ఎడం చేత్తో డాలు పట్టేవారట. డాలు కింద పెడితే గానీ ఎడం చెయ్యి ఇవ్వలేరు. నిన్ను నమ్మి డాలు దించాను అని చెప్పడమట అది.

"మరి ఎదుటివాడు దించకపోతేనండీ?" అన్నాను.

"దెబ్బ తగుల్తుంది."

"అప్పుడు?"

"అప్పుడేముంది, కట్టు కడతాం. అది కూడా నేర్పుతాను కదా!"

పిల్లలంతా గొల్లుమన్నారు. నేను నవ్వలేదు. నాకు ఆ జవాబు ఇప్పటికీ చాలదు.

మేం తొమ్మిదో క్లాసులో ఉండగా ఊరి పెద్దమనిషి ఒకాయన బడి వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా వచ్చాడు. వరసలో ముందున్న సత్యవతి సెల్యూట్ చేసి, అలవాటు కొద్దీ ఎడం చెయ్యి చాచింది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఏంటిది, ఎడం చెయ్యి ఇస్తున్నారేంటి నాకు?" హెడ్మిస్ట్రెస్ గారి మొహాన చెమట్లు. సత్యవతి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. కెప్టెన్ గారు మాత్రం వాతావరణం గురించి చెబుతున్నంత తాపీగా, "కుడి చెయ్యి అందరికీ ఇస్తామండి. ఎడమది మా వాళ్లకే ఇస్తాం" అన్నారు. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, వాచీ ఉన్న ఎడం చెయ్యి చాచాడు. వరస చివరిదాకా అలాగే ఇచ్చుకుంటూ వెళ్లాడు. ఆ తరవాత ఆయన బడికి చేసిందేమీ లేదనుకోండి. అది వేరే సంగతి.

*

నేను ఊరొదిలి, చదువుకుని, కాకినాడలో కాలేజీ లెక్చరర్నయ్యాను. సివిక్స్ చెబుతాను. అంటే వాదించినందుకు జీతమిచ్చే ఉద్యోగం. ఆవిడతో తగువు మాత్రం ఫోన్లో సాగుతూనే ఉంది. ఈ సెల్యూట్లు, ప్రమాణాలు, వరసలు, ఇవన్నీ తెల్లవాళ్ల ఆటలండీ అనేదాన్ని. "ఆట బాగుంటే ఎవరిదైతేనేం" అనేవారు.

ఈ మధ్య నాకు కుదురుండటం లేదు. ఫోన్ తెరిస్తే కూలిన ఇళ్లు, దుమ్ము కొట్టుకున్న పిల్లల మొహాలు. మూసి పక్కన పెడతాను, కూర పోపు వేస్తూ మళ్లీ తెరుస్తాను. స్టాఫ్‌రూములో నిన్నటిదాకా ఒక డబ్బాలో తిన్నవాళ్లు వాట్సాప్‌లో ఏదో చూసి మొహాలు తిప్పుకుంటారు. అలాంటి ఒక రోజున ఆవిడకి ఫోన్ చేసి దులిపేశాను. "అక్కడ పిల్లల మీద బాంబులేస్తుంటే మీరిక్కడ పిల్లలకి ముడులు నేర్పుతున్నారా? ఇన్నేళ్లలో ఏం మారిందండీ మీ వల్ల?"

అటువైపు తాడు ముక్క చేతిలో తిరుగుతూ ఉండి ఉంటుంది. "సరేనమ్మా. ఇప్పుడేం చేద్దాం?"

"మీరేం చెయ్యలేరు."

"పోనీ శనివారం రా. దవడ కట్టు చూపించాలి పిల్లలకి. నీకంటే మంచి దవడ దొరకలేదు నాకు."

వెళ్లాను కూడా. నా జుట్టు నెరిసిందని పిల్లలకి జాలి, కట్టు వదులుగా కట్టారు. అదే మేం ఆఖరిసారి కలవడం. కట్టు విప్పుతూ, "ఇంత తిట్టేదానివి ఎందుకొస్తావే?" అని అడిగారు. జవాబు చెప్పేలోపే ఈల ఊదేశారు.

*

శుక్రవారం ఊళ్లో దిగేసరికి కాలువ వంతెన మీద పోలీసుల గుడారం ఉంది. పేటలో మా చిన్నాన్న కూతురింట్లో దిగాక సంగతి తెలిసింది. వంతెన మీద కట్టిన ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీని నేను కిందటిసారి వచ్చి వెళ్లాక ఎవరో చించారు. పల్లిపాలెం వాళ్లే అని పేట, పేట వాళ్లే అని పల్లిపాలెం. గాలికి చిరిగిందేమోనని ఎవరూ అనలేదు. రాళ్లు పడ్డాయి, తలలు పగిలాయి. అప్పటి నుంచీ వంతెనకి అడ్డంగా పోలీసులు కట్టిన తాడు. మనుషులు దాని పక్క సందులోంచి పోలీసుకి చెప్పుకుని రావాలి. పల్లిపాలెం వాళ్లు పిల్లల్ని బడికి మాన్పించారు. కెప్టెన్ గారు మాత్రం శనివారాలు వెళ్లి తాడు దగ్గర నిలబడి ఈల ఊదేవారట. గైడ్ పిల్లలు ఒక్కొక్కరే వచ్చేవారట. వాళ్లని ఆవిడే బడికి తీసుకెళ్లి, ఆవిడే తిరిగి దింపేవారట. ఊరంతా రెండుగా చీలినా, రెండు వైపుల వాళ్లూ కలిసి కూచునే చోటు ఆ శనివారం గంట ఒక్కటే మిగిలిందన్నమాట.

ఇప్పుడు ఈల ఊదే మనిషి లేరు.

ఆదరణ కూడిక అయ్యాక అందరూ బడి ఆవరణలోకి వచ్చారు. పిల్లలు మెడల్లో స్కార్ఫులతో వరసగా నిలబడ్డారు. ఆవిడ మీద గౌరవం కొద్దీ పల్లిపాలెం తల్లులూ వచ్చి గేటు దగ్గరే ఆగిపోయారు. వాళ్లలో సత్యవతిని చూశాను. ఇప్పుడు వాళ్లమ్మ గంప ఆమెదే. ఆమె కూతురు లక్ష్మే ఇప్పటి పెట్రోల్ లీడరు.

హెడ్మిస్ట్రెస్ గారు గొంతు సవరించుకున్నారు. "పరిస్థితులు చూస్తున్నారు కదండీ. కెప్టెన్ కూడా లేకుండా బాధ్యత మేం తీసుకోలేం. ప్రస్తుతానికి కంపెనీ ఆపేద్దామనుకుంటున్నాం. పెద్దలు ఏమంటారు?" అని కుర్చీలో కూచున్న సంఘ పెద్ద ఏసుపాదం గారి వైపు చూశారు. ఆయన మనవరాలు గ్రేసు కూడా ఆ వరసలోనే ఉంది. రాళ్లు పడ్డ రోజున పగిలిన తలల్లో ఆయన కొడుకుది ఒకటి.

ఆయన నోరు విప్పే లోపే లక్ష్మి వరస దాటింది. ఎవరు చెప్పారో, తనకే తోచిందో. ఆయన ఎదురుగా నిలబడి సెల్యూట్ చేసి, ఎడం చెయ్యి చాచింది. ఆ పిల్లకి తెలిసిన అతి పెద్ద మర్యాద అది.

ఆయన మొహం నల్లబడింది. "ఎడం చెయ్యా? నాకా?"

వెనక ఎవరో, "చూశారా, పిల్లలకి కూడా నూరిపోసి పంపుతున్నారు" అన్నారు. గేటు దగ్గర నుంచి సత్యవతి దూసుకొచ్చింది. "ఏం నూరిపోశామండీ? నా పిల్ల మర్యాద చేసింది! కెప్టెన్ గారు నేర్పిన మర్యాద!"

"మర్యాదైతే కుడి చెయ్యి లేదా?"

ఇంకేం, నేను అందుకున్నాను. ఈటె, డాలు, యుద్ధవీరులు, నమ్మకం, ఈ చెయ్యికున్న చరిత్ర, అన్నీ. నా గొంతు నాకే బాగా వినిపిస్తోంది. మంచి ఊపులో ఉండగా ఏసుపాదం గారు, "అమ్మా లెక్చరర్ గారూ, ఇది కాలేజీ కాదు" అన్నారు. సత్యవతైతే మరీనూ. "నువ్వూరుకోవే! నువ్వు మీ పేట దానివేగా, వాళ్ల తరఫునే మాట్లాడతావు" అంది. నేను మాట్లాడింది తన కూతురి తరఫునే. వినే ఓపిక ఎవరికుంది?

ఇద్దరికీ చెప్పడానికి నా దగ్గర బ్రహ్మాండమైన జవాబులున్నాయి. ఇప్పటికీ ఉన్నాయి. కానీ లక్ష్మి చెయ్యి దించేసి, అరచెయ్యి మురికైనట్టు లంగాకి రుద్దుకుంటోంది. అది చూశాను. మా సత్యవతి తొమ్మిదో క్లాసులో రుద్దుకోలేదు. రుద్దుకునే అవసరం రాకుండా ఒక మనిషి పక్కనే ఉన్నారు.

సరేనమ్మా. ఇప్పుడేం చేద్దాం?

దవడకి గుడ్డ కట్టినట్టే నోరు మూసుకున్నాను. వెళ్లి ఆ పిల్ల ముందు నిలబడి సెల్యూట్ చేశాను. నా వయసులో, ఆ చీరలో, ఎంత వికారంగా చేశానో. ఎడం చెయ్యి చాచాను. ఆ పిల్ల వాళ్లమ్మ వైపు ఒకసారి చూసి, చెయ్యిచ్చింది. తరవాత సత్యవతికి చాచాను. సత్యవతి చాలాసేపు ఇవ్వలేదు. దెబ్బ తగలడమంటే ఇదే కాబోలు అనుకున్నాను. చివరికి ఇచ్చింది. చేపల వాసన, ఉప్పుకి పగిలిన చర్మం. పట్టు మాత్రం తాడు లాగే రోజుల్లోదే.

అప్పుడు వరసలోంచి గ్రేసు వచ్చి లక్ష్మికి ఎడం చెయ్యిచ్చింది. ఆ పిల్ల ఘనకార్యం చేస్తున్నట్టేమీ చెయ్యలేదు. ప్రతి శనివారం చేసేదే చేసింది, చేసి మళ్లీ వరసలోకి వెళ్లి నిలబడింది. వాళ్ల తాతయ్య ఆ పిల్లనే చూస్తూ ఉండిపోయారు. ఆయన చెయ్యి ఎవరికీ ఇవ్వలేదు. అది రాయకపోతే అబద్ధమవుతుంది.

"కంపెనీ నడిపేదెవరు మరి?" అన్నారాయన.

అందరూ హెడ్మిస్ట్రెస్ గారి వైపు చూశారు. మాట్లాడకుండా ఉండటం నాకు చేతకాదు కదా. "నేనొస్తాను. శనివారాలు నాకు కాలేజీ ఒంటిపూటే" అన్నాను.

"నువ్వా?" అంది సత్యవతి. "నీకు ముడెయ్యడం ఎప్పుడొచ్చింది గనక? నీ గుడారం నిలబడ్డ రోజుందా?"

"అందుకే నువ్వూ రా."

"బేరాలు మానుకునా?" అంది గానీ రానని అనలేదు.

హెడ్మిస్ట్రెస్ గారు శిక్షణ, అనుమతి, పై ఆఫీసు అని ఏవో మొదలుపెట్టారు. ఏసుపాదం గారు కండువా దులుపుకుని లేచారు. నా వైపు చూడకుండా మనవరాలిని అడిగారు: "శనివారం ఎన్నింటికే?"

*

దీంతో లోకం బాగుపడిందని నేను రాయడం లేదు. తిరుగు ప్రయాణంలో ఫోన్ తెరిస్తే మళ్లీ అవే మొహాలు. ఒక బడి ఆవరణ, గుప్పెడు మంది పిల్లలు, దానికింత గోలా అని నాలోని తగువులమారి ఇంకా అంటూనే ఉంది. అననీ. ఆ మనిషికే దవడ కట్టు కట్టాలి.

ఆ శనివారం ఊళ్లో బస్సు దిగి నేరుగా వంతెన దగ్గరికి వెళ్లాను, అవతల నుంచి వచ్చే పిల్లల కోసం. నా దగ్గర ఈల లేదు. అది ఆవిడతోనే వెళ్లిపోయింది. నిలబడి ఉండగా అడ్డం కట్టిన తాడు మీద కన్ను పడింది. ఇటు రెయిలింగు నుంచి ఒక తాడు, అటు నుంచి ఒక తాడు, మధ్యలో కలిపి ఒకదాని మీద ఒకటి ఎన్ని ముడులేశారో, వానకి తడిసి పిడికిలంత ముద్దయింది. చూసి ఊరుకోలేకపోయాను. గోళ్లతో మొదలుపెట్టాను.

గుడారంలోంచి కుర్ర కానిస్టేబులు పరుగెత్తుకొచ్చాడు. "మేడం, మేడం! అది తియ్యకూడదండి. సారు తిడతారు."

"తియ్యడం లేదు బాబూ, మళ్లీ కడుతున్నాను."

"గట్టిగానే ఉంది కదండీ!"

"గట్టిగా ఎవరైనా కడతారు. తీసెయ్యమన్న రోజున ఏం చేస్తావు? కోస్తావా?"

అతను ఆలోచించాడు. "ఎప్పుడు తీసెయ్యమంటారో ఏంటోనండి. ఇంటికెళ్లి ఎన్నాళ్లయిందో" అన్నాడు. తాడుకి అవతల పిల్లలతో వచ్చి నిలబడ్డ సత్యవతి, "కుడి మీద ఎడమే! నువ్వు తిరగేసి వేస్తున్నావు!" అని అరుస్తోంది. ఊడదీసి మళ్లీ వేశాను. పట్టి గుంజితే కదల్లేదు.

"దీన్ని విప్పాలంటే ఈ కొస ఒకటి పట్టుకుని అటు వెనక్కి లాగు. చాలు."

"లాగి చూడనా అండీ?"

"చూడు."

లాగాడు. ముడి నిఠారుగా సాగి జారిపోయింది. తాడు రెండు ముక్కలై చెరో పక్కకి పడింది. అతను బిత్తరపోయి ఇటూ అటూ చూస్తున్నాడు. ఆ కాసేపట్లో లక్ష్మి, వెనకాల పిల్లలు, వాళ్ల వెనకాల సత్యవతి, వంతెన మధ్యలోంచి నడిచి వచ్చేశారు.

తరవాత అతను గబగబా రెండు కొసలూ అందుకుని మళ్లీ కట్టుకున్నాడు. కట్టక తప్పదు, అతని ఉద్యోగం అది. కానీ పాత ముద్ద వెయ్యలేదు. కుడి మీద ఎడమ, ఎడమ మీద కుడి, పెదవులు కదుపుకుంటూ వేశాడు.